వెంట్రుకలు లేని కుక్క

మా వీధి మలుపులో, మేడమెట్ల కింద ఇరుక్కున్నట్టుండే సన్నటి గదిలో నున్నన్న సెలూన్ ఉంది. ఆయన అసలు పేరు నాకు తెలియదు. ఆయన దగ్గర గడ్డం గీయించుకున్నవాళ్ళెవరికీ తెలియదు. గీశాక చెంప అంత నున్నగా ఉండేది కనుక ఆ పేరు వచ్చింది. వాలిన ఈగ కాలు నిలవక జారిపడేదంటే ఎవరూ నమ్మరు. నేను చూశాను. ఒకటి కాదు, రెండు. మొదటిదాని గతి కళ్ళారా చూసి కూడా రెండోది బుద్ధి తెచ్చుకోలేదు.

గదిలో రెండు కుర్చీలు, ఎదురెదురుగా రెండు పెద్ద అద్దాలు. కుర్చీలో కూర్చుంటే ముందు అద్దంలో వెనకది, అందులో మళ్ళీ ముందుది. మన వెనక మనమే బారులు తీరి, పోనుపోను రంగు పచ్చబడి, చివరికి చెరువు అడుగుకి దిగిపోయినట్టు కనిపించకుండా పోతాం. వేడి తువ్వాలు ముఖం మీద పడ్డాక, ఆ ఆవిరిలో రెప్పలు బరువెక్కుతుండగా, ఆ బారులో ఎక్కడో ఒకడు నాకంటే రవ్వంత ఆలస్యంగా తల తిప్పినట్టు నాకు చాలాసార్లు అనిపించింది. ఒకసారి ఆ మాట నున్నన్నతో అన్నాను.

"వాడు మీకంటే చిన్నవాడు కదా బాబాయిగారూ, వాడికి తొందరేముంది?" అన్నాడు కత్తి పదును పెడుతూ.

పనిలో ఆయనకి ఒక్కటే నియమం. గీత మొదలుపెడితే మధ్యలో చెయ్యి ఆపకూడదు. చెవి కింద బయలుదేరిన కత్తి గడ్డం కొసకి చేరాకే లేవాలి. "కత్తి నడిచేటప్పుడు తెగదండీ. ఆగి ఆలోచించినప్పుడు తెగుతుంది" అనేవాడు. ఒకసారి గీత సగంలో ఉండగా కరెంటు పోయి గదంతా చీకటైంది. మళ్ళీ వెలుగొచ్చేసరికి కుర్చీలో మనిషికి రెండు చెంపలూ గీయడం అయిపోయింది, మీసం కూడా ముచ్చటగా కత్తిరించి ఉంది. ఆ మనిషికి వచ్చేటప్పుడు మీసమే లేదని కొందరంటారు. అంత దూరం నేను చెప్పను.

ఆయన కుటుంబం సెలూన్ వెనక గదుల్లోనే ఉంటుంది. మధ్యలో ఒక నీలం కర్టెన్. ఇంటావిడ ఆ కర్టెన్ తోసుకుని రోజుకి ఎన్నోసార్లు చీపురుతో వచ్చి నేల ఊడ్చి వెళ్తుంది. కూతుర్ని అమ్మలూ అంటారు. రెండో కుర్చీ ఆమెది. ఆడవాళ్ళకీ పిల్లలకీ జుట్టు కత్తిరిస్తుంది. కత్తి పట్టదు. అది నాన్న సామ్రాజ్యం.

నున్నన్నకి ఒకటే తీరని కోరిక, కుక్కని పెంచుకోవాలని. ఇంటావిడ దగ్గర ఎప్పుడు ఆ ఊసెత్తినా ఒకే జవాబు.

"ఏవండీ, మీకు పెళ్ళామై వచ్చిన రోజు నుంచి ఊరందరి జుట్టూ ఊడుస్తున్నాను. నల్లది, తెల్లది, రంగేసింది, అన్నీ ఊడ్చాను. ఇప్పుడు కుక్క బొచ్చు కూడానా? వెంట్రుక రాలని కుక్క ఉంటే తెచ్చుకోండి. రోజూ నేనే స్నానం చేయిస్తాను."

ఆవిడ ఆ కోరిక తీరదని ధైర్యంగా అన్న మాట అది. కానీ అమ్మలు వింది. ఫోన్‌లో వెతికింది. కొన్నాళ్ళకి ఒక అట్టపెట్టె వచ్చింది.

పెట్టెలో కుక్క లేదు. కుక్క కావడానికి కావలసినవన్నీ ఉన్నాయి. పసుపురంగు ప్లాస్టిక్ ఎముకలు, అగ్గిపెట్టెకంటే చిన్న మోటార్లు, వీపు మీద బిగించే సర్క్యూట్ బోర్డు, పొట్ట కింద పెట్టే బ్యాటరీ, తోక బదులు ఒక స్ప్రింగు. అంతా కలిపితే అరచేతిలో నిలబడేంత జంతువు.

"మనమే బిగించుకోవాలి నాన్నా. ఇది ఎలా నడవాలి, ఎలా కూర్చోవాలి అన్నదంతా ప్రోగ్రాంలో ఉంటుంది. ఆ ప్రోగ్రాం వాళ్ళు దాచుకోలేదు. ఎవరైనా తెరిచి చూడొచ్చు, మార్చుకోవచ్చు. మనం కొత్త విద్య ఏదైనా నేర్పితే అది మళ్ళీ అందరికీ ఇవ్వొచ్చు."

నున్నన్న మోటారొకటి వెలుతురుకి ఎత్తి చూశాడు. "అంటే నా గీత ఎలా గియ్యాలో పక్క సెలూన్‌వాడికి నేనే చెప్పడం లాంటిది."

"అంతే."

"మరి వాళ్ళెలా బతుకుతారే?"

"కుక్కలమ్ముకుని."

అది న్యాయంగానే తోచింది ఆయనకి. సెలవురోజు మధ్యాహ్నాలు షట్టరు సగం దించుకుని, తెల్ల తువ్వాలు పరుచుకుని కుక్కని బిగించేవాడు. కస్టమర్‌కి కప్పినట్టే దాని మెడ చుట్టూ గుడ్డ చుట్టేవాడు. కీళ్ళు బిగుసుగా ఉన్నాయని పౌడరు చల్లాడు. అమ్మలు చూసి తల పట్టుకుంది.

"నాన్నా, ఇది గడ్డం గీయించుకుని రాలేదు."

"ఒరుసుకుంటుందేమోనని వేశానే."

ఇంటావిడ కర్టెన్ పక్కన నిలబడి చూసేది. "నీళ్ళు తగిలితే పాడైపోతుందట కదా" అంది ఒకరోజు కూతురితో, పెద్ద గండం తప్పినట్టు. "ఏదో నోరు జారి స్నానం అన్నాను."

ఇక్కడ నున్నన్న ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. నాకైనా అంతా అయిపోయాక ఆయనే చెప్పాడు. కొన్ని నెలలుగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. ఊరికే ఒళ్ళో ఉన్నప్పుడు కుదురుగానే ఉండేది. కత్తి పట్టుకుని గాలిలోకి లేపగానే వేళ్ళ కొసల్లో సన్నగా మొదలయ్యేది, దూరంగా లారీ వెళ్తుంటే కిటికీ అద్దం అదిరినట్టు. అమ్మలుకి తెలిస్తే ఆ రోజే కత్తి లాక్కుంటుంది. ఆమె చేసేది సరైనదేనని ఆయనకి తెలుసు. అందుకే తెలియనివ్వలేదు. చెయ్యి పోతే పోయింది, కత్తి వదిలేశాక తను ఈ గదిలో ఎవరు? ఆ ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. వదలకపోతే ఏదో ఒక పొద్దున ఎవరి గొంతు మీదో ఎర్రటి గీత పడుతుంది. ఆ భయం ఇంకోవైపు.

ఆయన కనిపెట్టిన ఉపాయం మామూలుది కాదు. వచ్చినవాళ్ళందరినీ గడ్డాలు పెంచమన్నాడు.

మందుల షాపతనితో, "మీది బాగా చదువుకున్న ముఖమండీ. గడ్డం లేక తెలియడం లేదు" అన్నాడు. బట్టలు ఇస్త్రీ చేసేవాడితో, "నీ దవడకి కాస్త మొహమాటమెక్కువ, దాచేద్దాం" అన్నాడు. నాతో, "బాబాయిగారూ, మీరు చెప్పే కథలకి గడ్డం తోడైతే జనం నమ్ముతారు" అన్నాడు. పెంచాను. నమ్మలేదు.

ఆ వానాకాలం వెళ్ళేసరికి మా వీధిలో గడ్డం లేనివాళ్ళంటే ఆడవాళ్ళూ పసిపిల్లలే. పోస్టుమ్యాన్ ఒకరి ఉత్తరాలు ఇంకొకరి చేతిలో పెట్టి పోయేవాడు. ఇస్త్రీవాడి చంటిపిల్ల మందుల షాపతని మెడ పట్టుకుని దిగనని ఏడ్చింది. అంతంత గడ్డాల కింద అందరం ఏదో ఆలోచిస్తున్నట్టు నెమ్మదిగా నడిచేవాళ్ళం. ఎందుకు నడుస్తున్నామో ఒక్కడికీ తెలియదు.

ఒక్కడు మాత్రం లొంగలేదు. పొద్దుటి బస్సు నడిపే డ్రైవరు. "గడ్డం పెంచితే దిండులో మొహం పెట్టుకుని బండి నడిపినట్టుంటుంది నున్నన్నా" అని, రోజూ డ్యూటీకి ముందు వచ్చి కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకునేవాడు. ఆ నమ్మకమే నున్నన్నకి పెద్ద శిక్ష. మోచేతిని పక్కటెముకలకి అదుముకుని, చిటికెన వేలు డ్రైవరు చెంప ఎముక మీద ఆనించి, అమ్మలుకి వీపు తిప్పి నిలబడి, ఊపిరి బిగబట్టి గీసేవాడు. గీత ఆపేవాడు కాదు. అది ఒక్కటే ఆయన్ని ఇన్నాళ్ళూ కాపాడుతూ వచ్చింది. గీయడం అయ్యాక కత్తి కడిగే వంకతో కుళాయి దగ్గర చాలాసేపు నిలబడేవాడు.

కుక్క పూర్తయింది. అమ్మలు ఫోన్‌లో బటన్ నొక్కగానే కాళ్ళు చాపుకుని లేచి, అద్దాల ముందున్న బల్ల మీద టకటకా నడిచింది. అద్దాల్లో దాని వెనక దానిలాంటివే మంద మందంతా నడిచాయి, పచ్చటి లోతుల్లోకి వెళ్ళి మాయమయ్యే దాకా. సగం దించిన షట్టరు కింద నుంచి వచ్చిన ఎండ వాటి కాళ్ళ సందుల్లో మెరిసింది. ఇన్ని కుక్కలు ఒక్క వెంట్రుకైనా రాల్చకుండా పోవడం చూసి ఇంటావిడ కూడా చీపురు గోడకి ఆనించింది.

కాసేపటికి నున్నన్న అన్నాడు, "బాగానే నడుస్తోంది. కానీ ఇదెవరి నడకో. సిపాయి నడకలా ఉంది."

"దాంతోపాటు వచ్చిన నడక నాన్నా. అందరి కుక్కలూ ఇలాగే నడుస్తాయి."

"కుక్క ఇలా నడవదే. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒకటుండేది. మా గురువుగారి షాపు అరుగు కిందకి చేరేది. తల కిందకేసి, నడుం వదిలేసి, ఎక్కడికి పోవాలో పాదాలకే తెలిసినట్టు నడిచేది." ఆయన కళ్ళు ఎక్కడో ఉన్నాయి. "వానలోంచి వచ్చేటప్పుడు చూడాలి దాన్ని."

అమ్మలు కుక్కని చేతిలోకి తీసుకుంది. "అయితే నువ్వే నేర్పు. ఈ మోటార్లకి తాము ఎంత తిరిగాయో తెలుస్తుంది. వీపు మీదున్న నేర్చుకునే బటన్ నొక్కితే కీళ్ళు వదులైపోతాయి. కాలు పట్టుకుని నువ్వెలా తిప్పితే అలా గుర్తుపెట్టుకుంటుంది."

"చేత్తోనే?"

"చేత్తోనే. కానీ విను. రెండు పద్ధతులున్నాయి. కాలు ఒకచోట పెట్టు, చెయ్యి తీసెయ్, అప్పుడు బటన్ నొక్కు. మళ్ళీ ఇంకోచోట పెట్టు, చెయ్యి తీసెయ్, నొక్కు. మధ్యలో నడక అదే కలుపుకుంటుంది. ఇది మంచి పద్ధతి. రెండోది, దాని పక్క బటన్ నొక్కి మొదటి నుంచి చివరి దాకా పట్టుకునే నడిపించడం. అది వద్దు. చెయ్యి ఎటు కదిలితే అదంతా ఎక్కేస్తుంది."

నున్నన్న బుద్ధిగా తలూపాడు. పిల్లలు చెప్పేదానికి తలూపడం పెద్దవాళ్ళకి వచ్చిన విద్యే.

మరుసటి సెలవురోజు అమ్మలు స్నేహితురాలింటికి వెళ్ళింది. ఇంటావిడ వెనక గదిలో పడుకుంది. బయట చినుకులు. నున్నన్న కుక్కని బల్ల పొడవునా నడిచేలా తిప్పి పెట్టి, దాని వెనక నిలబడి బటన్ నొక్కాడు. దాని కీళ్ళు వదులైపోయాయి. వేడి తువ్వాలు వేశాక కస్టమర్లు ఒళ్ళు వదిలేసినట్టే, ఆ చిన్న జంతువు ఆయన చేతుల్లో ఒళ్ళు వదిలేసింది.

మొదట అమ్మలు చెప్పినట్టే చేయబోయాడు. కాలు ముందుకి పెట్టాడు. చెయ్యి తీయాలి. తీయలేకపోయాడు. కదలిక సగంలో ఉండగా చెయ్యి తీయడమంటే ఆయన వేళ్ళకి అర్థమే కాలేదు. చెవి కింద మొదలైంది గడ్డం కొసకి చేరాలి. రెండో బటన్ నొక్కాడు.

దువ్వెన, కత్తెర ఒకే చేత్తో పట్టి ఆడించే మనిషికి ఒక్కో చేత్తో రెండేసి కాళ్ళు పట్టుకోవడం లెక్కలోది కాదు. కుడిచేత్తో కుడివైపు కాళ్ళు, ఎడమచేత్తో ఎడమవైపువి. వానలో తడిసిన ఆ పాత కుక్కని తలుచుకుంటూ బల్ల ఈ కొస నుంచి ఆ కొసకి నడిపించాడు. తల వంచాడు. నడుం వదిలించాడు. చినుకుల చప్పుడు, అద్దాల్లో బారులు తీరిన నున్నన్నలు, వాళ్ళందరి చేతుల్లోనూ ఒక్కో కుక్క. అంత హాయిగా ఆయన చేతులు చాలాకాలంగా పనిచేయలేదట. చెయ్యి వణుకుతోందన్న సంగతి కూడా మరిచిపోయాడు. బల్ల చివర చేరాక చూసుకుందామంటే బ్యాటరీ అయిపోయింది. చార్జింగ్‌కి పెట్టి, ఆ రాత్రి సంతోషంగా నిద్రపోయాడు.

పొద్దున నేను వెళ్ళేసరికి డ్రైవరు మొదటి కుర్చీలో ఉన్నాడు, ముఖం నిండా నురగ. నేను అమ్మలు కుర్చీలో కూర్చున్నాను, మెడ మీద వెంట్రుకలు కత్తిరించమని. ఇంటావిడ వేడినీళ్ళ కెటిల్‌తో వచ్చింది. నున్నన్న చేతిలో తెరిచిన కత్తి ఉంది. అయినా ఆగలేకపోయాడు.

"గీసే ముందు ఒక్కటి చూపిస్తాను డ్రైవరుగారూ. అమ్మలూ, నిన్న నేను నేర్పింది పెట్టవే."

ఆమె ఫోన్ తీసి నొక్కింది.

కుక్క లేచింది. సిపాయి కాదు ఇప్పుడు. తల కిందకేసి, నడుం వదిలేసి, ఎక్కడెక్కడో తిరిగి ఇల్లు చేరుతున్న కుక్క. ఎప్పుడో పోయిన జంతువొకటి ఈ ప్లాస్టిక్ ఎముకల్లోకి దారి వెతుక్కుని వచ్చినట్టుంది. నా మెడ మీద అమ్మలు కత్తెర ఆగిపోయింది. అప్పుడు చూశాం. కుక్క వణుకుతోంది. అడుగు లేపినప్పుడల్లా సన్నగా, ఆగకుండా వణుకుతోంది.

"పాపం, చలేస్తున్నట్టుందే" అన్నాడు డ్రైవరు నురగలోంచి.

"తడిసొచ్చినట్టుంది" అంది ఇంటావిడ. "అచ్చం తడిసొచ్చినట్టే ఉందండీ. భలే నేర్పారే."

నున్నన్న నవ్వలేదు.

"మోటారేదో పోయింది. పౌడరు వల్లే" అని అమ్మలు వచ్చి, పాత నడక పెట్టింది. కుక్క టకటకా సిపాయిలా నడిచింది, ఎక్కడా వణుకు లేదు. మళ్ళీ నాన్న నేర్పింది పెట్టింది. మళ్ళీ వణుకు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, బల్ల అంచుకి గడ్డం ఆనించి దాని కాళ్ళనే చూసింది.

"కుడివైపే వణుకుతున్నాయి. ఎడమ కాళ్ళు బాగానే ఉన్నాయి." తలెత్తి, "నాన్నా, మధ్యలో చెయ్యి తీశావా?" అంది.

"మధ్యలో చెయ్యి ఎలా తీస్తానే?" అన్నాడు అలవాటుగా. అన్నాక ఆ మాట ఆయన చెవికే వినబడింది.

అమ్మలు లేచింది. ఇప్పుడామె కుక్కని చూడడం లేదు. కత్తి పట్టుకున్న చేతిని చూస్తోంది. కత్తి అంచున వెలుతురు చుక్క ఒకటి నిలకడ లేకుండా కదులుతోంది. బల్ల మీద కుక్క నడుస్తూనే ఉంది. అద్దాల్లో మంద మందంతా వణుకుతూ నడిచింది, కనిపించనంత దూరం దాకా. డ్రైవరు చెంపల మీద నురగ ఆరుతూ చిటపటలాడుతోంది. ఆయన ఒకసారి అద్దంలో అందరినీ చూశాడు. బస్సు నడిపేవాడికి అద్దంలో వెనకాల ఏం జరుగుతోందో ఇట్టే తెలుస్తుంది.

"నాకేం భయం లేదు నున్నన్నా" అన్నాడు నెమ్మదిగా. "రోజూ గీసే చెయ్యే కదా. కానివ్వండి."

తప్పించుకునే దారి అది. అనుమతి ఇచ్చేశాడు. ఇంకెవరూ ఏమీ అనలేరు. నున్నన్న ఒక అడుగు ముందుకి వేశాడు కూడా. డ్రైవరు తల వెనక్కి వాల్చి గొంతు ఇచ్చాడు. ఆ గొంతులో నరం ఒకటి కొట్టుకుంటోంది. నున్నన్న దాన్ని చాలాసేపు చూశాడు.

"డ్రైవరుగారూ, మీ బండి బ్రేకు సరిగ్గా లేదనుకోండి. లోపల కూర్చున్నవాళ్ళు పర్లేదు పోనివ్వండి అన్నారనుకోండి. పోనిస్తారా?"

డ్రైవరు వాల్చిన తల పైకెత్తాడు. "పక్కకి పెట్టేస్తాను" అన్నాడు.

నున్నన్న కత్తిని మడవలేదు. తిప్పి, పిడి వైపు కూతురికి ఇచ్చాడు.

"నాన్నా, నేను ఇంతవరకు బెలూన్ల మీద తప్ప గీయలేదు" అంది అమ్మలు. బెలూన్‌కి నురగ పూసి కత్తితో తీయడం ఆయనే నేర్పాడు ఎప్పుడో. ఆ రోజుల్లో మా వీధిలో పేలుళ్ళు విని పావురాలు ఊరు మారిపోయాయి.

"నేను పేలను లేమ్మా, మొదలుపెట్టు" అన్నాడు డ్రైవరు.

ఆమె ఆరిన నురగ తుడిచి, కొత్తది పూసి, చెవి కింద కత్తి ఆనించింది. కిందకి లాగింది. దవడ మలుపులో భయమేసి ఆగింది. అక్కడ ఆవగింజంత ఎర్రచుక్క తేలింది. నున్నన్న చెయ్యి తనంతట తానే గాలిలోకి లేచి, మళ్ళీ దిగిపోయింది.

"ఆగకు. పోనీ" అన్నాడు. అంతే. ఇంకేం చెప్పలేదు.

కత్తి కదిలింది. గడ్డం కొసకి చేరింది.

నున్నన్న వెళ్ళి కస్టమర్లు ఎదురుచూసే బల్ల మీద కూర్చున్నాడు. ఆ బల్ల తెచ్చినప్పటి నుంచి ఆయన దాని మీద కూర్చోవడం నేను చూడలేదు. ఇంటావిడ కెటిల్ కింద పెట్టి వచ్చి పక్కన కూర్చుంది. ఆయన కుడిచెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. అది అక్కడా కాసేపు వణికింది. ఆవిడ దాన్ని నొక్కి ఆపాలని చూడలేదు.

"ఎప్పటినుంచి?"

"గడ్డాలు మొదలైనప్పటి నుంచి."

ఆవిడ గుమ్మంలోంచి బయటకి చూసింది. పాలవాడు, మందుల షాపతను, ఇస్త్రీవాడు, వరసగా గడ్డాలే వెళ్తున్నాయి. "దానికోసం వీధి వీధంతా గడ్డాలు పెంచించేశారా అండీ" అంది. నవ్వాలో ఏడవాలో తెలియక, మొదటిది ఎంచుకుంది.

డాక్టరు పెద్ద జబ్బేమీ కాదన్నాడు. కొందరి చేతులకి వయసుతో వచ్చే వణుకట. మందు కొంత తగ్గిస్తుంది, పూర్తిగా పోదు, ప్రాణానికి ఏమీ లేదు, కత్తి మాత్రం వద్దు. నున్నన్న బుద్ధిగా విన్నాడు. ఈసారి తలూపి ఊరుకోలేదు, నిజంగానే విన్నాడు. తరవాత కొన్నాళ్ళు ఆ బల్ల మీదే కూర్చున్నాడు, వంతు రాని కస్టమర్‌లా. మా గడ్డాలన్నీ ఒక్కొక్కటే అమ్మలు చేతిలో రాలిపోతుంటే చూస్తూ. ఎవరైనా పలకరిస్తే బదులిచ్చేవాడు. మధ్యమధ్య కుక్కని నడిపించేవాడు.

"కావాలంటే మళ్ళీ నేర్పుదాం నాన్నా, ఒక్కో అడుగు పెట్టి, చెయ్యి తీసి. వణుకు రాదు" అంది అమ్మలు.

"వద్దే. దానికి నేనిచ్చింది అదే. ఉండనీ."

ఆమె ఊరుకుంది. కానీ ఆ నడకకి తడిసిన కుక్క అని పేరు పెట్టి, ఇలాంటి కుక్కలున్నవాళ్ళందరూ ఇంటర్నెట్‌లో పంచుకునే చోట ఉంచింది. ఎక్కడెక్కడి వాళ్ళో తమ కుక్కల్లోకి దింపుకున్నారు. ఏదో దూరదేశం నుంచి ఒకాయన రాశాడు: మా అమ్మాయి దాన్ని చూసి పరుగెత్తి వెళ్ళి తన చొక్కా తెచ్చి కప్పింది. ఇంకొకావిడ అడిగింది: అంకెలు మార్చి మార్చి మేమెంత ప్రయత్నించినా ఇంత ప్రాణమున్న వణుకు రాలేదు, మీరెలా సాధించారు?

అమ్మలు చదివి వినిపించింది. నున్నన్న ఆలోచించి, "జీవితమంతా గడ్డాలు గీస్తే వస్తుందని రాయి" అన్నాడు. ఆ తరవాత చాలాసేపు అద్దంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఎన్ని ఇళ్ళలో, ఎన్ని బల్లల మీద, ముక్కూమొహం తెలియని మనుషుల మధ్య తన కుడిచెయ్యి ఇప్పుడు నడుస్తోందో లెక్కవేస్తున్నాడని నాకు అనిపించింది.

ఒక పొద్దున అమ్మలు డ్రైవరుకి గీయడం ముగించింది. అప్పటికి ఆమె గీతలు కుదిరాయి. డ్రైవరు కణతలు రుద్దుకుంటూ, "రాత్రంతా ఇంజను చప్పుడు తలలోంచి పోలేదమ్మా" అన్నాడు. నున్నన్న లేచి వెళ్ళి, పాత అలవాటున ఆయన తల మీద రెండు చేతులూ పెట్టాడు. వేళ్ళు గాలిలోకి లేచాయి కనుక వణుకు మొదలైంది. ఆయన తీసేయబోయాడు.

"తీయకండి" అన్నాడు డ్రైవరు. అదే ఆయన మెలకువగా అన్న ఆఖరిమాట.

మోటార్లతో తల పట్టే యంత్రాలు చాలా చూశాను. అవి ఒకేలా అదురుతాయి. నున్నన్న వేళ్ళు అలా కాదు. ఒకచోట చినుకుల్లా, ఇంకోచోట దూరంగా వెళ్ళిపోతున్న రైలులా. ఒక్కోసారి అసలు లేవనిపించి, మళ్ళీ వస్తాయి. ఆ రోజు పొద్దుటి బస్సు బయలుదేరలేదు. స్టాపులో నిలబడి విసిగిపోయిన జనం డ్రైవర్ని వెతుక్కుంటూ వచ్చి, గురక విని, బల్ల మీద వరసగా కూర్చుని తమ వంతు కోసం చూశారు. డిపో వాళ్ళు వెతకడానికి పంపిన మనిషి మధ్యాహ్నం దాకా తిరిగి వెళ్ళలేదు. ఆయన వంతు మూడోది.

అప్పటినుంచి మొదటి కుర్చీ మళ్ళీ నున్నన్నది. కూర్చున్నవాళ్ళు నిద్రపోతారు, లేచి కలలు చెబుతారు. బస్సు సముద్రం మీద నడిపానని డ్రైవరు, ప్రయాణికులందరూ చేపలని, వాళ్ళలో ఒకరు చిల్లర లేదని గొడవపెట్టుకున్నారని. మందుల షాపతనికి ఎప్పుడూ ఒకే కల, తలుపు తట్టకుండా వచ్చే చల్లటి గాలి. నాకొచ్చినవి చెబితే మీరు నమ్మరు. ఇప్పుడు గడ్డం కూడా లేదు.

ఇంటావిడ మాత్రం ఎన్నడూ ఆ కుర్చీ ఎక్కలేదు. పనుందనేది. ఒక మధ్యాహ్నం కస్టమర్లు ఎవరూ లేరు. నేను మూలన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను, ఉన్నట్టు లెక్కలోకి రాను. ఆవిడ వేడినీళ్ళు పెట్టి వెళ్ళబోతుంటే నున్నన్న కుర్చీ ఆవిడ వైపు తిప్పాడు.

"కూర్చో."

"ఎందుకండీ, ఎవరైనా వస్తే?"

"వస్తే వంతు రానీ."

ఆవిడ అంచున కూర్చుంది. తరవాత కాస్త వెనక్కి జరిగింది. ఆయన ఆవిడ ముడి విప్పి, జుట్టులోకి వేళ్ళు పోనిచ్చాడు. ఆవిడ ఏదో చెప్పబోయింది, కూరగాయల గురించి, సగంలో మాట కరిగిపోయింది. ఇస్త్రీవాడు గుమ్మం దాకా వచ్చి, చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. అమ్మలు షట్టరు సగం దించింది. నున్నన్న మధ్యలో చెయ్యి తీయకుండా అలాగే నిలబడ్డాడు. ఎండ గోడ మీద నుంచి నేల మీదకి దిగింది. నిద్రలో ఆవిడ ఒకసారి నవ్వింది, ఇంకోసారి ఎవరినో పేరు పెట్టి పిలిచింది. ఆ పేరు నున్నన్న అసలు పేరయి ఉండాలి. నాకు సరిగ్గా వినబడలేదు.

మెలకువ వచ్చాక ఆయన అడిగాడు, "ఏం కలొచ్చింది?"

ఆవిడ జుట్టు ముడేసుకుంటూ నా పేపరు వైపు చూసింది.

"చెప్పను. మీరు బాబాయిగారికి చెబుతారు, ఆయన ఊరంతా చెబుతారు."

ఇంతవరకూ చెప్పలేదు.